కంటి కింద నల్లచార ఉన్న ‘వైట్’ జీబ్రా ఫించ్ నిజానికి ఏ మ్యుటేషన్?

జవాబు మొత్తం మీరు రాసిన వివరాల మీదే ఆధారపడి ఉంది కాబట్టి మొదట వాటిని ఒకచోట పెడతాను. మీ దగ్గర జీబ్రా ఫించ్ అనే చిన్న పెంపుడు పిట్టల జత ఒకటి ఉంది. మగది మామూలు గ్రే. ఆడదాన్ని ‘వైట్’ అని చెప్పి అమ్మారు. ఒళ్ళంతా తెలుపే అయినా దాని కంటి కింద సన్నని నల్లచార ఉందనీ, తోక మీద బూడిదరంగు అడ్డగీతలు ఉన్నాయనీ రాశారు. తొలి విడతలో మూడు పిల్లలు వచ్చాయి. వాటిలో రెండు గ్రే, ఒకటి లేత గోధుమరంగు. వైట్‌కూ గ్రేకూ గోధుమరంగు పిల్ల పుట్టదనీ, వేరే మగపక్షి కలిసి ఉంటుందనీ అమ్మినవారు అన్నారు. పిల్లల ముక్కులు ఇంకా నల్లగానే ఉన్నాయి. ఆడది నిజంగా వైటేనా, గోధుమరంగు పిల్ల ఎక్కడి నుంచి వచ్చింది, అది ఆడదా మగదా అని మీరు అడుగుతున్నారు.

మీ ఆడపక్షి వైట్ కాదు. అది చెస్ట్‌నట్ ఫ్లాంక్డ్ వైట్, అంటే పెంపకందారులు సి.ఎఫ్.డబ్ల్యు. అని పిలిచేది. గోధుమరంగు పిల్ల ఫాన్ అనే రకం. ఆ రంగు తండ్రి వైపు నుంచి వచ్చింది. ఆ పిల్ల దాదాపు ఖాయంగా ఆడది. ఈ నిర్ణయానికి ఎలా వచ్చానో వివరిస్తే రేపు మరో పక్షిని చూసినప్పుడు మీరే తేల్చుకోగలుగుతారు.

జీబ్రా ఫించ్ మ్యుటేషన్లను, అంటే జన్యువు మార్పు వల్ల వచ్చే రంగుల రకాలను, గుర్తించడంలో చాలామందికి చిక్కు ఎక్కడ వస్తుందంటే, వారు మొదట వీపు రంగును చూసి పేరు పెట్టేస్తారు. తెల్లగా ఉంటే వైట్, పాలిపోయి ఉంటే సిల్వర్, పసుపు ఛాయ ఉంటే క్రీమ్. నా అభిప్రాయంలో వీపును అన్నిటికన్నా చివర చూడాలి, ముందు గుర్తులను చదవాలి. ఆస్ట్రేలియా అడవి పక్షిలో, అంటే మనం గ్రే అనే దానిలో, మగదానికి కంటి కింద నల్లని చార, ఆ చారకూ ముక్కుకూ మధ్య తెల్లని పట్టీ, నారింజరంగు బుగ్గ మచ్చలు, గొంతు మీద సన్నని నలుపు తెలుపు గీతలు, వాటి కింద నల్లని ఛాతి పట్టీ, పక్కల మీద తెల్లచుక్కలున్న ఇటుకరంగు, తోక మీద నలుపు తెలుపు అడ్డపట్టీలు ఉంటాయి. ఆడదానికి వీటిలో కంటి చార, దాని ముందరి తెల్లపట్టీ, తోక పట్టీలు మాత్రమే ఉంటాయి. బుగ్గ మచ్చ, ఛాతి పట్టీ, పక్కల ఇటుకరంగు ఉండవు. మగదాని ముక్కు ఎర్రగా, ఆడదాని ముక్కు కాస్త నారింజ వైపుగా ఉంటుంది. ఈ పటం మనసులో స్థిరపడితే మ్యుటేషన్ అనేది దానిలో ఏది మారింది, ఏది మారలేదు అన్న లెక్కగా మిగులుతుంది.

ఈకల్లోని రంగు ప్రధానంగా రెండు రకాల మెలనిన్‌ల వల్ల వస్తుంది. నలుపు, బూడిద రంగులకు యూమెలనిన్ మూలం. బుగ్గల నారింజకూ పక్కల ఇటుకరంగుకూ ఫియోమెలనిన్ మూలం. ముక్కులోని ఎరుపు వీటికి సంబంధం లేని మూడో వ్యవహారం, అది ఆహారంలోని కెరోటినాయిడ్ల నుంచి తయారవుతుంది. అందుకే పక్షిని చేతిలోకి తీసుకున్నప్పుడు వేసుకోవలసిన మొదటి ప్రశ్న ‘ఇది ఏ రంగు’ అన్నది కాదు. నలుపు ఏమైంది, ఇటుకరంగు ఏమైంది అన్న రెండు ప్రశ్నలు. నలుపు గోధుమగా మారిందా, సమంగా పలచబడిందా, కొన్ని చోట్ల మాత్రమే తొలగిందా, తన హద్దు దాటి వ్యాపించిందా? ఇటుకరంగు విషయంలోనూ ఇవే చూడాలి.

ఇప్పుడు మీ ఆడపక్షి దగ్గరకు వద్దాం. అసలైన వైట్ మ్యుటేషన్‌లో నలుపూ ఇటుకరంగూ రెండూ ఈకల్లోకి చేరవు. కంటి చార ఉండదు, తోక పట్టీలు ఉండవు, మగదానికి బుగ్గ మచ్చ కూడా ఉండదు. కళ్ళు నల్లగానే ఉంటాయి, ముక్కు రంగు తగ్గదు. అందుకే పెద్ద వైట్ పక్షుల్లో ఆడ మగ తేడాను ముక్కు రంగును బట్టి, పాటను బట్టి మాత్రమే చెప్పగలుగుతాం. వైట్ పక్షుల తొలి ఈకల్లో వీపు మీద కొన్ని బూడిద మరకలు ఉండవచ్చు. వాటిలో చాలావరకు ఈకలు మార్చుకున్నప్పుడు పోతాయి, కొన్ని మిగులుతాయి కూడా. అయితే ఆ మరకలు ఎక్కడబడితే అక్కడ పడతాయే తప్ప, కంటి కింద సరిగ్గా చార ఉండవలసిన చోటనే, రెండు వైపులా సమానంగా కుదురుకోవు. మీ పక్షికి చార రెండు కళ్ళ కిందా ఒకే తీరుగా ఉంది, తోక గీతలూ ఉన్నాయి. ఈ రెండూ కలిస్తే అది సి.ఎఫ్.డబ్ల్యు. ఆడపక్షి అనడానికి మరో రుజువు అక్కరలేదు.

సి.ఎఫ్.డబ్ల్యు. మగదాన్ని చూసి ఉంటే మీకు ఈ సందేహమే వచ్చేది కాదు. దాని వీపు తెల్లగానో మీగడ ఛాయలోనో ఉన్నా, ఛాతి పట్టీ ముదురుగా, బుగ్గలు నారింజగా, పక్కలు ఇటుకరంగులో స్పష్టంగా కనిపిస్తాయి. ఆడదానికి ఈ గుర్తులేవీ సహజంగానే ఉండవు కాబట్టి మిగిలేది తెల్లని ఒళ్ళు, కంటి చార, తోక గీతలు. సంతల్లో సి.ఎఫ్.డబ్ల్యు. ఆడపక్షి వైట్‌గా అమ్ముడుపోవడానికి కారణం ఇదే. చాలాసార్లు అమ్మేవారికి కూడా ఈ తేడా తెలియదు, కనుక దీన్ని మోసం అనుకోవలసిన పని లేదు.

తెల్లగా, లేతగా కనిపించే మరికొన్నింటిని కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ గుంపులోనే జరుగుతాయి. పైడ్‌లో తెలుపు మచ్చలు మచ్చలుగా పడుతుంది, ఎంత మేర అన్నదానికి నియమం లేదు. ఒంటి మీద ముక్కాలు వంతు తెలుపైన పైడ్ ఉండవచ్చు, గొంతు కింద నాలుగు తెల్ల ఈకలున్న పైడ్ ఉండవచ్చు. అయితే రంగు మిగిలిన చోట పూర్తి గ్రే లేదా పూర్తి ఫాన్ ఉంటుంది, లేతబడదు. రెండు వైపుల గుర్తులు సమానంగా ఉండకపోవడం దాని లక్షణం: ఒక కంటి చార ఉండి రెండోది తెగిపోవచ్చు. మరో జాగ్రత్త కూడా ఉంది. బోనులో తోటి పక్షి పీకేసిన చోట, గాయమైన చోట, పోషణ తగ్గిన సమయంలో వచ్చిన ఈకలు కూడా తెల్లగా మొలవవచ్చు. సరైన మేతతో పూర్తిగా ఒకసారి ఈకలు మార్చుకున్నాక కూడా అదే చోట తెలుపు నిలిస్తేనే పైడ్ అనాలి.

సిల్వర్‌లో రంగులన్నీ పలచబడతాయి. నీళ్ళు ఎక్కువ కలిపిన సిరాతో అదే బొమ్మను మళ్ళీ గీసినట్టు ఉంటుంది: వీపు వెండి బూడిద, బుగ్గ లేత మీగడ రంగు, ఛాతి పట్టీ నలుపు నుంచి బూడిదకు దిగుతుంది, ఆడదాని కంటి చార కూడా బూడిదగా ఉంటుంది. లైట్‌బ్యాక్ దీనికి సరిగ్గా ఎదురు. దాని వీపు లేత వెండిరంగులో ఉన్నా ఛాతి పట్టీ, కంటి చార కారునలుపుగా, బుగ్గలు నిండు నారింజగా నిలుస్తాయి. మగపక్షుల్లో ఈ రెండింటినీ విడదీయడం సులభం, బుగ్గను చూస్తే చాలు. ఆడపక్షుల్లో కంటి చార నలుపును ఒక మామూలు గ్రే ఆడదాని పక్కన పెట్టి పోల్చాలి. పెంగ్విన్‌లో ముక్కు కింద నుంచి తోక మొదలు వరకు పొట్టవైపంతా తెలుపే. గొంతు గీతలు, ఛాతి పట్టీ, కంటి చార పోతాయి, వీపు మాత్రం రంగు నిలుపుకుంటుంది. మగదానికి బుగ్గ మచ్చ నారింజగానే ఉంటుంది, ఆడదానికి ఆ చోట తెల్లని బుగ్గ ఏర్పడుతుంది. తెల్లబుగ్గ ఉన్న ఆడపక్షి కనిపిస్తే ముందు పెంగ్విన్‌ను అనుమానించండి. రెక్క ఈకల అంచుల మీది లేత గీత తొలి ఏడాది పూర్తిగా తేలదు, కాబట్టి పిల్ల పెంగ్విన్ నాణ్యతను తొందరపడి నిర్ణయించకూడదు.

ఇక గోధుమరంగు పిల్ల. ఫాన్ మ్యుటేషన్‌లో నలుపు యూమెలనిన్ గోధుమరంగుకు మారుతుంది. ఇటుకరంగుకు పెద్దగా నష్టం ఉండదు. వీపు గోధుమగా ఉంటుంది, కంటి చార నల్లగా కాక ముదురు గోధుమగా ఉంటుంది. మీ పిల్లలో కంటి చార ఉండి, అది కూడా గోధుమ వైపు ఉంటే ఫాన్ అనడంలో సందేహం లేదు. గ్రే పిల్లలను పక్కన పెట్టి పగటి వెలుతురులో చూస్తే ఈ తేడా తేలికగా తెలుస్తుంది.

ఫాన్ లింగ క్రోమోజోముతో ముడిపడిన రిసెసివ్ మ్యుటేషన్, అంటే మామూలు జన్యువు తోడుగా ఉంటే పైకి కనిపించనిది. పక్షుల్లో మన మనుషుల లెక్కకు తలకిందులుగా, మగదానికి రెండు జెడ్ క్రోమోజోములు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యు ఉంటాయి. ఫాన్ జన్యువు జెడ్ మీద ఉంది. ఆడదానికి ఒకే జెడ్ కనుక ఆ జన్యువు ఉంటే రంగులో కనిపించి తీరుతుంది, లేకపోతే లేదు. జన్యువును మోస్తూ పైకి చూపని పక్షిని స్ప్లిట్ అంటారు, ఆడపక్షి ఫాన్‌కు స్ప్లిట్ కావడం అసాధ్యం. మగది మాత్రం ఒక జెడ్ మీద ఫాన్ పెట్టుకుని పైకి పూర్తి గ్రేగా కనిపించగలదు. పిల్లల్లో ప్రతి ఆడపక్షీ తన ఏకైక జెడ్‌ను తండ్రి నుంచే తీసుకుంటుంది, తల్లి నుంచి దానికి డబ్ల్యు మాత్రమే వస్తుంది. మీ గ్రే మగది ఫాన్‌కు స్ప్లిట్ అయితే దాని ఆడపిల్లల్లో సగటున సగం ఫాన్ అవుతాయి, మొత్తం పిల్లల్లో నాలుగో వంతు. మూడింటిలో ఒకటి ఫాన్ రావడంలో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. గ్రే మగదాన్ని ఎంత పరీక్షగా చూసినా అది స్ప్లిట్ అన్న సంగతి పైకి తెలియదు, పిల్లలే చెప్పాలి.

సి.ఎఫ్.డబ్ల్యు. కూడా ఇదే తీరులో జెడ్ మీద ఉండే రిసెసివ్. లైట్‌బ్యాక్ సి.ఎఫ్.డబ్ల్యు. చోటులోనే ఉండే మరో రూపం, సి.ఎఫ్.డబ్ల్యు. మీద అది ప్రబలంగా ఉంటుంది. మీ జత విషయంలో దీని ఫలితం ఏమిటంటే, ఆడపక్షి తన జెడ్‌ను కొడుకులందరికీ ఇస్తుంది కాబట్టి ఈ జతకు పుట్టే ప్రతి మగపిల్లా సి.ఎఫ్.డబ్ల్యు.కు స్ప్లిట్. తండ్రి నుంచి ఫాన్ జెడ్ అందిన మగపిల్ల అయితే ఒక జెడ్ మీద ఫాన్, రెండో దాని మీద సి.ఎఫ్.డబ్ల్యు. పెట్టుకుని, చూడటానికి మామూలు గ్రేగానే ఉంటుంది. అలాంటి మగదాన్ని మామూలు గ్రే ఆడదానితో జత చేస్తే ఆడపిల్లల్లో చాలావరకు ఫాన్, సి.ఎఫ్.డబ్ల్యు. వస్తాయి, గ్రే ఆడపిల్ల అరుదు. క్రోమోజోముల మధ్య మార్పిడి జరిగినప్పుడే గ్రే వస్తుంది. ‘రెండూ గ్రేలే, ఈ రంగులెక్కడివి’ అన్న ప్రశ్నల్లో చాలా వాటికి మూలం ఇటువంటి మగపక్షే.

అమ్మినవారి మాటలో సాధ్యమైన భాగం ఒకటి ఉంది, దాన్ని తోసిపుచ్చకూడదు. జీబ్రా ఫించ్ ఆడపక్షి వీర్యాన్ని పది రోజులకు పైగా నిల్వ ఉంచుకోగలదు. మీరు కొన్న రెండు వారాల లోపే అది గుడ్లు పెట్టి ఉంటే, అంతకు ముందు బోనులో ఉన్న ఫాన్ మగపక్షి ఆ పిల్లకు తండ్రి అయ్యే అవకాశం ఉంది. ఈ జత అంతకన్నా ఎక్కువ కాలం విడిగా ఉన్నాక గుడ్లు పెట్టి ఉంటే ఆ అవకాశం పోయినట్టే. రెండో విడతలో మళ్ళీ ఫాన్ పిల్ల వస్తే మీ మగది స్ప్లిట్ అన్నది ఖాయమవుతుంది. ఆ పిల్ల ఆడదైతే, ఏ విధంగా చూసినా తల్లికి దీనిలో పాత్ర లేదు.

లింగంతో ముడిపడని మ్యుటేషన్లలో లెక్క వేరు. వైట్, పైడ్, పెంగ్విన్, బ్లాక్ బ్రెస్టెడ్, ఆరెంజ్ బ్రెస్టెడ్, బ్లాక్ చీక్ మొదలైనవి మామూలు క్రోమోజోముల మీద ఉండే రిసెసివ్‌లు. వీటిలో ఆడదైనా మగదైనా స్ప్లిట్ కావచ్చు, రంగు కనిపించాలంటే తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ జన్యువు అందాలి. డామినెంట్ సిల్వర్, క్రెస్టెడ్ ప్రబలమైనవి, వాటికి స్ప్లిట్ అనేది లేదు. పిల్ల తల మీద జుట్టు ఉంటే తల్లిదండ్రుల్లో ఒకరికి ఉండి తీరాలి. రెండు జుట్టు పక్షులను జత చేయవద్దు. జుట్టు జన్యువు ఇద్దరి నుంచీ అందిన పిండం గుడ్డులోనే చనిపోతుంది, అంటే ఫలించిన గుడ్లలో సగటున నాలుగో వంతు నష్టం. సిల్వర్‌లో రిసెసివ్ రకం కూడా ఉంది. రెండింటినీ రూపం బట్టి విడదీయడానికి నేను సాహసించను. రెండు గ్రేలకు సిల్వర్ పిల్ల వస్తే అది రిసెసివ్, అంతకు మించి నమ్మకమైన పరీక్ష ఇంట్లో లేదు. ఫాన్, సిల్వర్ రెండూ ఒకే పక్షిలో కలిస్తే దాన్నే క్రీమ్ అంటారు.

నలుపు, నారింజ హద్దులు దాటే మ్యుటేషన్లు మీ ప్రశ్నకు దూరం కాబట్టి క్లుప్తంగా చెబుతాను. బ్లాక్ బ్రెస్టెడ్‌లో ఛాతి పట్టీ గొంతు వరకు వ్యాపిస్తుంది, బుగ్గ మచ్చ విస్తరిస్తుంది, కంటి చార చెదిరిపోతుంది, పక్కల మీది గుండ్రని చుక్కలు పొడవుగా సాగుతాయి. ఆరెంజ్ బ్రెస్టెడ్‌లో నల్లగా ఉండవలసిన ఛాతి పట్టీ, కంటి చార నారింజరంగులోకి మారతాయి. ఆడదాన్ని కంటి చార రంగును బట్టి గుర్తుపట్టవచ్చు. బ్లాక్ చీక్‌లో బుగ్గలే నల్లబడతాయి, ఆడదానికి కూడా బుగ్గ మచ్చ వస్తుంది. బ్లాక్ ఫేస్‌లో చారకూ ముక్కుకూ మధ్య తెల్లగా ఉండవలసిన చోటు నల్లబడుతుంది. ఎల్లో బీక్‌లో ఈకలకు ఏమీ కాదు, ముక్కు మాత్రం పసుపు వైపు తిరుగుతుంది. కెరోటినాయిడ్లను ఎరుపుగా మార్చే సి.వై.పి.2జె19 అనే జన్యువు ఉన్న భాగంలోనే దాని మూలం ఉందని 2016లో ప్రచురితమైన పరిశోధన చూపింది.

ఫోటోల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మీరు పంపిన వాటిలో రెండు పసుపు బల్బు వెలుగులో తీసినవి. ఆ వెలుగులో గ్రే కూడా ఫాన్‌లా, సి.ఎఫ్.డబ్ల్యు. క్రీమ్‌లా కనిపిస్తుంది. ఉదయం పూట ఎండ నేరుగా పడని నీడలో, వెనుక తెల్లకాగితం పెట్టి, ముఖం పక్క నుంచి ఒకటి, ఛాతి ఒకటి, పక్కలు ఒకటి, విప్పిన తోక ఒకటి తీయండి. ఎండ బాగా తగిలే బోనులో ఫాన్ ఈకలు వెలిసిపోతాయి, అందుచేత ఈకలు రాల్చుకునే ముందు కన్నా మార్చుకున్న వెంటనే రంగు చూడటం మంచిది. సంతల్లో గులాబీ, ఆకుపచ్చ రంగులు అద్దిన చిన్న పిట్టలు కూడా దొరుకుతుంటాయి. జీబ్రా ఫించ్‌కు అటువంటి మ్యుటేషన్ ఏదీ లేదు, అది కొత్త ఈకలతో పోయే రంగు మాత్రమే.

పిల్లల విషయంలో తొందరపడవద్దు. పిల్ల ఏ లింగమైనా తొలి ఈకల్లో ఆడదానిలాగే కనిపిస్తుంది. ఐదారు వారాల వయసు దాటాక నల్లముక్కు రంగు తిరగడం మొదలవుతుంది, ఆ దరిదాపుల్లోనే మగపిల్లల బుగ్గల్లో ఒకటీ అరా నారింజ ఈకలు, ఛాతి మీద నల్లని పొడలు తొంగిచూస్తాయి. మూడు నెలలకు పెద్దరూపం పూర్తవుతుంది. మూడింటికీ ఇప్పుడే వేర్వేరు రంగుల కాలి రింగులు వేసి, ఏ రింగు ఏ పిల్లదో తేదీతో సహా రాసుకోండి. ఎదిగాక ఫాన్ ఆడపిల్లను తండ్రితో కలపకండి. బయటి ఫాన్ మగదానితో జత చేస్తే పిల్లలన్నీ ఫాన్ వస్తాయి, బయటి గ్రే మగదానితో చేస్తే పిల్లలన్నీ గ్రేగా పుట్టి మగవి మాత్రం ఫాన్‌కు స్ప్లిట్ అవుతాయి. కనీసం ఆరు నెలల వయసు వచ్చే వరకు గూడు ఇవ్వకండి.

ఆ గోధుమరంగు పిల్ల ‘దాదాపు’ ఖాయంగా ఆడది అన్నాను. ఆ మినహాయింపుకు కారణం ఉంది. సి.ఎఫ్.డబ్ల్యు. వీపును ఎంతగా తెల్లబరుస్తుందంటే, దాని కింద ఫాన్ కూడా ఉన్నా పైకి కనిపెట్టడం కష్టం. మీ ఆడపక్షి ఒకే జెడ్ మీద ఫాన్, సి.ఎఫ్.డబ్ల్యు. రెండూ మోస్తూ ఉంటే, స్ప్లిట్ తండ్రితో కలిసి ఫాన్ మగపిల్లను కూడా ఇవ్వగలదు. ఇది అరుదే గాని అసాధ్యం కాదు. కాబట్టి రానున్న వారాల్లో ఆ పిల్ల బుగ్గను గమనించండి. బుగ్గ అలాగే ఉండిపోయి ముక్కు నారింజకు తిరిగితే నేను చెప్పిన లెక్క సరిపోయినట్టు. నారింజ ఈక ఒక్కటి మొలిచినా తల్లి రింగు నంబరు ఎదుట సి.ఎఫ్.డబ్ల్యు. ఫాన్ అని దిద్దుకుని, దాని మగపిల్లలన్నీ రెండు మ్యుటేషన్లనూ ఒకే జెడ్ మీద మోస్తున్నాయని లెక్కలోకి తీసుకోండి.